గ్రేహార్స్ కనుమలో మెరుపు

"నేనేం గొప్పవాణ్ణి కాదండీ" అంటూనే మొదలుపెట్టాడు వెర్ల్ డెంప్సీ. "విమానం నడపడం లోయిస్ పని. మరమ్మతు గస్ పని. నాకున్నవల్లా ఈ రెండు కళ్ళు. కిటికీ పక్కన కూర్చుని కిందికి చూస్తాను, అంతే."

విమానాలు నిలిపే హ్యాంగర్‌లో గ్యాస్ హీటర్ చుట్టూ ఇనప కుర్చీలు వేశారు. కొత్తగా చేరే పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు కూర్చున్నారు. ఇక్కడివాళ్ళే జీతం లేకుండా నడుపుకునే విమాన దళం ఇది. తప్పిపోయిన విమానాల్ని వెతుకుతారు, పిల్లలకి ఆ పని నేర్పుతారు. నా కూతురు ఆనికా చేరతానంది. వద్దని చెప్పడానికే నేను వచ్చాను.

పోయిన నవంబరులో నా కొడుకు లీఫ్ చిన్న విమానంలో ఒంటరిగా కాలేజీకి బయల్దేరి గ్రేహార్స్ కనుమలో తప్పిపోయాడు. వెతికింది ఈ దళమే. ఏమీ కనబడలేదన్నారు. మంచు కరిగాక, మేలో, అడవిలో రాలిన జింక కొమ్ములు ఏరుకునేవాళ్ళకి దొరికాడు. మాది కనుమకి అవతలి ఊరు. ఇక్కడ మా మొహాలు ఎవరికీ తెలియవు.

"పోయిన నవంబరు సంగతి" అన్నాడు వెర్ల్. "గ్రేహార్స్ కనుమ. ఎవరో కాలేజీ కుర్రాడు, పసుపు చారల విమానం."

ఆనికా కదల్లేదు. నేనూ కదల్లేదు.

"ఆ రోజు గాలి ఎలా ఉందంటే, మేం ముందుకి నడుపుతుంటే విమానం వెనక్కి పోతోంది. నిజం. కింద ఒక జింక నడుచుకుంటూ మమ్మల్ని దాటిపోయింది, పైగా తలెత్తి చూసి మరీ పోయింది."

"ఏరా వెర్ల్, పోయినసారి ఆ జింక పరిగెత్తిందన్నావు" అన్నాడు గస్, నూనె చేతులు గుడ్డతో తుడుచుకుంటూ.

"పోయినసారి చెప్పినప్పుడు గాలి ఇంకా తక్కువుందిరా, నువ్వూరుకో. ఆ గాలిలో, ఆ ఎత్తు నుంచి, చెట్టు కింద ఉడత నోట్లో ఉన్నది ఏ కాయో చెప్పాను నేను. లోయిస్‌ని అడగండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మెరుపు. వాలు మీద, మంచులో, ఇంతే ఇంత. మంచు మెరవడం వేరు, అద్దం మెరవడం వేరు, నా కళ్ళకి తెలుసు. వెంటనే ఇటు తిరిగి లోయిస్ భుజం మీద ఒక్కటి చరిచి, చూశావా, ఈ కళ్ళకి జీతం ఇవ్వాలి మీరు, అన్నా."

లోయిస్ ట్రాఫ్టన్ ఈ దళానికి పెద్ద. ఆ మూల కుళాయి దగ్గర కప్పులు కడుగుతోంది. వెనక్కి తిరగలేదు.

"మరి దిగడానికి చోటేదీ?" అన్నాడు నా పక్కనున్న తండ్రి ఒకాయన.

"చోటా? కనుమలో చోటెక్కడిదండీ. ఇంజన్ ఆపించేశాను. గాలే మోస్తోంది కదా, ఇంజనెందుకు. ఆ నిశ్శబ్దంలో కుర్రాడి కేక వినబడింది, చలేస్తోందని. నా ఫ్లాస్కు తీసి కిందికి విసిరా. ఒంటి చేత్తో పట్టుకున్నాడు. మూత కూడా ఊడలేదు. ఒక గుక్క తాగి, పైకి చూసి, చక్కెర తక్కువైందన్నాడు."

పిల్లలు నవ్వారు. ఆయనకి ఊపొచ్చింది.

"చక్కెర కూడా విసిరావా?" అన్నాడో కుర్రాడు.

"చక్కెర గాలికి కొట్టుకుపోతుంది కదరా, ఆ మాత్రం తెలీదూ? నేనే దిగా. సీటు బెల్టులన్నీ కోసి, ముడేసి, చక్రానికి కట్టి, చక్కెర జేబులో వేసుకుని దిగా. చెట్ల కొనల మీద నుంచి నడిచా. ఒక ఎలుగుబంటి అడ్డమొస్తే దాన్నే దారి అడిగా."

"ఎలుగుబంటి కొత్తగా చేరింది" అని గస్ నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. తర్వాత ఇంకా గొంతు తగ్గించాడు. "ఆ కుర్రాడు నిజానికి బతకలేదండీ. పెద్దవాళ్ళం మాత్రమే ఉంటే ఈ కథ చెప్పడు. పిల్లలుంటే బతికిస్తాడు."

నేను తల ఊపాను.

"కుర్రాణ్ణి భుజాన వేసుకున్నా. బెల్టు పట్టుకుని పైకి పాకుతున్నా. అప్పుడు నా చెవిలో ఏమన్నాడో తెలుసా? మా అమ్మ కంగారు పడుతుంటుంది సార్ అన్నాడు. ఒరే అబ్బాయ్, భోజనాల వేళకి నిన్ను మీ ఇంటి గుమ్మంలో దింపుతానన్నా. దింపా. బల్ల మీద పళ్ళెం పెట్టే ఉంది."

పళ్ళెం నిజంగానే పెట్టాను ఆ రోజు. మర్నాడు కూడా తియ్యలేదు. వెర్ల్ ఆ మాట అన్నాక కాసేపు నా కళ్ళ ముందు లీఫ్ ఇంటికొచ్చాడు. బూట్ల మంచు గుమ్మంలో దులిపాడు. నేను ఆ మనిషిని ఆపాల్సింది. ఇంకొంచెం చెప్తాడేమోనని చూశాను.

ఆనికా చెయ్యెత్తింది, బళ్ళో లాగా.

"సార్, ఇందాక లోయిస్ గారు మాకు కిటికీ పాఠం చెప్పారు. ఏదైనా కనబడితే కిటికీ అద్దం మీద అది కనబడే చోటే వేలు పెట్టి ఉంచాలి, ఇంకొకళ్ళు చూశామనే దాకా కళ్ళు తిప్పకూడదు, నోటితో మాత్రమే చెప్పాలి, అని."

"బాగా నేర్చుకున్నావమ్మాయ్. మరి ఎవరనుకున్నావ్ లోయిస్ అంటే."

"మీరు లోయిస్ గారి వైపు తిరిగారన్నారు కదా సార్. అప్పుడు దాన్ని ఎవరు చూస్తున్నారు?"

వెర్ల్ నవ్వాడు. తోడు నవ్వేవాళ్ళ కోసం చుట్టూ చూశాడు. గస్ చేతులు తుడుచుకోవడం ఆపేశాడు.

కుళాయి కట్టేసిన చప్పుడైంది.

"ఎవరూ చూడలేదు" అంది లోయిస్. "విమానం తిప్పాను. మళ్ళీ కనబడలేదు. పెట్రోలు ఉన్నంతసేపు తిరిగాం. ఇంటికొచ్చాం. ఆ పాఠం ఇంత గట్టిగా చెప్పడం ఆ తర్వాతే మొదలుపెట్టాను."

"అది రాయి మెరుపని నువ్వే కదా అన్నావు లోయిస్" అన్నాడు వెర్ల్. గొంతులో కథ లేదు ఇప్పుడు. "తడిసిన రాయి అన్నావు. పై అధికారులకి కూడా అదే చెప్పావు."

"అన్నాను."

"మరింకేం? రాయే అది."

"రాయి కాదు" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. ఆనికా నా చెయ్యి పట్టుకుంది.

"మా వాడు రెక్క కింద కూర్చుని ఉన్నాడు. కాలు విరిగింది. సీట్లో దూది తీసి మంట వేసుకున్నాడు. వెంటనే పోలేదని డాక్టరు చెప్పాడు. ఒళ్ళో విమానం అద్దం ముక్క ఉంది. ఎందుకు పెట్టుకున్నాడో ఇవాళ్టిదాకా మాకు తెలియలేదు."

వెర్ల్ నోరు తెరిచాడు. గస్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు, ఓదార్పుకి కాదు, ఆపడానికి. వెర్ల్ లేచి, టోపీ కుర్చీలోనే వదిలేసి, చలిలోకి వెళ్ళిపోయాడు. పిల్లల్లో ఒకడు వాళ్ళమ్మని అడిగాడు, ఆ అన్న బతికాడా లేదా అని. ఆవిడ వాణ్ణి దగ్గరికి లాక్కుంది.

లోయిస్ తడి చేతులతో వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుంది. క్షమించమని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. అడిగి ఉంటే లేచి వెళ్ళిపోయేదాన్ని.

"అమ్మాయిని ఇంటికి తీసుకెళ్ళండి" అంది. "మీరు వద్దంటే ఎవరూ తప్పుపట్టరు."

"చేరితే దీన్ని విమానం ఎక్కిస్తారా వెతకడానికి?"

"పెద్దయ్యేదాకా ఎక్కించం. నేల మీద పని నేర్పుతాం."

"ఆ కిటికీ పక్కన మరి?"

"పెద్దవాళ్ళే కూర్చుంటారు. ఎప్పుడూ మనుషులు చాలరు. దొరికినవాళ్ళతో వెళ్తాం." వెర్ల్ వెళ్ళిన తలుపు వైపు చూసింది.

"నా వయసు వాళ్ళని చేర్చుకుంటారా?"

ఆనికా నా మొహంలోకి చూసింది.

"కళ్ళు బాగుండాలి" అంది లోయిస్. "గంటల తరబడి మంచే చూడాలి. కళ్ళు మండుతాయి, కడుపులో తిప్పుతుంది, ఏమీ కనబడదు. కనబడినా ఒక్కోసారి..."

"పాఠం ఇంకోసారి చెప్పండి" అన్నాను. "మొదట్నుంచి."

ఆవిడ లేచి, అక్కడున్న విమానం తలుపు తీసింది.