ఖాళీ గది చప్పుడు

హాస్యనటుడి మీద తీస్తున్న డాక్యుమెంటరీ కోసం ఆయన భార్యతో మాటలు అప్పుడే ముగిశాయి. దర్శకుడు మైకు మాత్రం ఆపలేదు.

"అమ్మా, ఒక్క నిమిషం ఎవరం మాట్లాడకూడదు. ఈ గది చప్పుడు రికార్డు చేసుకోవాలి."

"మాటల్లేకపోతే ఇంకేం చప్పుడు బాబూ?"

"గడియారం, బయట రోడ్డు... మీ మాటలు కత్తిరించిన చోట అతుకు తెలియకుండా ఈ చప్పుడు అడుగున వేస్తాం."

నిమిషం గడిచింది.

"అయిపోయిందమ్మా. విసుగొచ్చిందా?"

"నాకలవాటే. ఊరందర్నీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించి వచ్చి, ఇంట్లో నోరు విప్పేవారు కాదు."

"అంటే, ఆయనున్నప్పుడూ ఇల్లు ఇలాగే ఉండేదా?"

"అచ్చం ఇలాగే. కాకపోతే ఆయన కూర్చునే ఆ పడక్కుర్చీ కిర్రుకిర్రుమంటుండేది. ఒక్కసారి అందులో కూర్చుంటావా బాబూ?"