మూడుసార్లు రాసిన వాక్యం

ఈజిప్టు ఎడారిలో ఒక పాత మఠం. గ్రంథాలయం చూసుకునే ముసలి సన్యాసి అబూనా (ఫాదర్) సరాబమూన్‌తో, అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన ప్రొఫెసరు బిషాయ్ మాట్లాడుతున్నాడు.

"...చేతులు కడిగాను అబూనా, రెండుసార్లు కడిగాను. ముప్ఫై ఏళ్లుగా రాతప్రతులతోనే కాపురం నాది. నాకు చెప్పాలా?"

"చెప్పాలి మరి. బొటనవేలికి ఇంకా పొద్దున తిన్న చిక్కుడు గింజల కూర నూనె ఉంది. ఏ పుస్తకం కావాలన్నారు డాక్టరు గారూ?"

"పెద్దల సూక్తులు. అందులో ఒక పుటకి నకలు, ఒకే ఒక్క చర్మపత్రం, విదేశీ మ్యూజియంలో ఉంది కదా, అద్దాల పెట్టెలో. దాని మీదే నా గ్రంథం. నాలుగు వందల పేజీలు."

"ఒక్క పత్రానికా?"

"అందులో 'కడుపు మాట వినకు' అన్న వాక్యం వరసగా మూడుసార్లు వస్తుంది. ఎందుకో తెలుసా? త్రిత్వ రహస్యం. మొదటిసారి తండ్రి, రెండోసారి కుమారుడు..."

"మూడోసారి ఆకలి."

"మీకు వేళాకోళంగా ఉంది. ఐదు విశ్వవిద్యాలయాల్లో నా సిద్ధాంతాన్ని పాఠంగా చెబుతున్నారు."

"చెప్పనివ్వండి. ఇదిగో మూలం. మీ పత్రం దీన్ని చూసి రాసిందే. ఆ వాక్యం ఎన్నిసార్లుంది?"

"ఒక్క... ఆగండి. ఒక్కసారే."

"పక్కన అంచులో సన్నక్షరాలున్నాయి. చదవండి."

"వెలుగు చాలడం లేదు."

"కిటికీ బార్లా తెరిచే ఉంది. సరే, నేనే చదువుతా. 'దీన్ని చూసి రాస్తూ మన లేఖకుడు మర్కూరియుస్ ఉపవాసాల్లో కునికిపాట్లు పడ్డాడు. ఒకే వాక్యం మూడుసార్లు గీకాడు. ఆ పత్రం చదవడానికి పనికిరాదు. ఉప్పు జున్ను జాడీకి మూతగా కట్టండి.'"

"జున్ను..."

"కట్టాం. వందల ఏళ్లు కట్టాం. తర్వాత ఎవరో దొర వచ్చి ముచ్చటపడితే, జాడీ ఉంచుకుని మూత ఇచ్చాం."

"ఆ మరకలు... ఆ మరకలు కన్నీటి చుక్కలని రాశాను అబూనా. ఒక అధ్యాయం మొత్తం."

"ఉప్పగానే ఉంటాయి లెండి. మరీ పొరబాటేం కాదు."

"నవ్వకండి. వచ్చే నెల నాకు సన్మానం. ఇది బయటపడితే నా విద్యార్థుల మొహం ఎలా చూడను?"

"నిజం చెప్పండి. పాపం, రాసినవాడికి నిద్రొచ్చిందని. ఒక్క పేజీ చాలు."

"నేనీ పుస్తకం చూడలేదనుకోండి. అసలీ గుమ్మం తొక్కలేదనుకోండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"లేవండి, లేవండి. ఎవరికీ చెప్పను. మీకంటే ముందొచ్చిన ప్రొఫెసర్లందరికీ ఇదే మాటిచ్చాను. మీ గురువుగారూ అచ్చం ఇలాగే, ఇక్కడే కూలబడ్డారు."