ఇదిగో మేస్త్రి

(కార్న్‌వాల్ తీరాన ఒక పాత రాతిల్లు. ముందుగది. టామ్‌సిన్, ఆమె మొగుడు పియర్స్, చలిమంట వేసుకునే గోడపొయ్యి చూడ్డానికి వచ్చిన ముసలి మేస్త్రి డెన్‌జిల్. తివాచీ మీద తొమ్మిది నెలల పాప మోర్వెన్నా.)

“...అసలు నేనేం వద్దన్నానని? రంగు వెయ్యనన్నానా? నాలుగు రంగులు తెప్పించాను కదా టామ్‌సిన్, నువ్వే చూడకుండా...”

“చూశాను పియర్స్. నాలుగూ ఒకటే రంగు.”

“ఒకటేనా! ఇది ‘చల్లారిన గంజి’. ఇది ‘బిషప్పు నిట్టూర్పు’. ఇది...”

“తెలుపు. మురికి తెలుపు. ఇంకా మురికి తెలుపు. నేను అడిగేది రంగు కాదు. మూసెయ్యమంటున్నాను. పొయ్యి నోటికి ఇటుకలు కట్టేసి, పైన సున్నం గచ్చు పూసి, నున్నటి గోడ చేసెయ్యమంటున్నాను. డెన్‌జిల్ గారూ, మీరు చెప్పండి.”

“నేనా తల్లీ? ఇప్పుడేగా వచ్చింది.”

“మీరు రావడమే మా అదృష్టం లెండి మేస్త్రిగారూ. అక్టోబర్‌లో ఫోన్ చేస్తే ఇదిగో వస్తున్నా అన్నారు. ఇది మార్చి. గుమ్మంలో డాఫోడిల్ పూలు కూడా మీకంటే ముందే వచ్చేశాయి.”

“ఇదిగో అనే అన్నాను బాబూ. ఫలానా రోజని అనలేదు.”

“పియర్స్, వచ్చారుగా, ఇంక వదిలెయ్.”

“కాదు, నాకు అర్థం కావాలి. లండన్‌లో ఇదిగో అంటే పావుగంట. ఈ ఊళ్ళో ఇదిగో అంటే ఆ రోజు కాలెండర్‌లోనే ఉండదు. మొన్న గ్యాసతను ఇదిగో అన్నాడు. కిటికీలవాడు ఇదిగో అన్నాడు. ఇద్దరూ మళ్ళీ కనబడలేదు.”

“బతికే ఉన్నారు బాబూ. నిన్న చూశాను.”

“టీ తీసుకోండి డెన్‌జిల్ గారూ. అయ్యో, నిలబడే ఉన్నారేం? పొయ్యి పక్కన కుర్చీ ఉంది, మెత్తగా ఉంటుంది.”

“ఇక్కడే బావుంది తల్లీ, తలుపు దగ్గర.”

“గాలి కొడుతుందండీ.”

“కొట్టనీ.”

“ఈ స్కోన్ రొట్టె తినండి మేస్త్రిగారూ. చూడండి, మీగడ ఇలా ముందు రాసుకుని, దాని మీద జాం...”

“అయ్యో బాబూ!”

“ఏమైంది?”

“ఏం లేదు, మీ స్కోన్ మీ ఇష్టం. మేం జాం ముందు రాస్తాం. అది పక్క జిల్లావాళ్ళ పద్ధతి. మా ఊళ్ళో దానికి పెళ్ళి సంబంధాలు కూడా తప్పిపోయాయి.”

“మోర్వెన్నా! వెన్నా, నోట్లో ఏంటే అది? తెరువు. నోరు తెరువమ్మా... చూడు పియర్స్, చూడు! ఇటుక పెళ్ళ!”

“కంగారు పడకు. అది చేత్తో చేసి కట్టెల మంటలో కాల్చిన ఇటుక. అందులో మందులూ గిందులూ ఏం ఉండవు.”

“పిల్ల ఇటుక తింటోందయ్యా!”

“మూడొందల ఏళ్ళ ఇటుక, టామ్‌సిన్.”

“ఓహో, అయితే ఇంకో ముక్క పెట్టనా? జాం ముందు రాయనా, మీగడ ముందు రాయనా?”

“వెటకారం ఎందుకు? అందరూ వింటున్నారు.”

“విననీ. డెన్‌జిల్ గారూ, ఈ పొయ్యి అరుగు అంచు చూడండి. కత్తిలా ఉంది, సరిగ్గా పాప నుదురంత ఎత్తున. మొన్నటిదాకా పాకేది. ఇప్పుడు దీన్నే పట్టుకుని లేస్తోంది. ఇంట్లో ఇంకేం లేనట్టు దానికి ఇదొక్కటే కావాలి. మంట ఉంటే మరీను. మేనమామొచ్చినట్టు చేతులు చాచుకుని పోతుంది.”

“అడ్డంగా ఇనప జాలీ కొన్నాను కదా!”

“కొన్నావు. ఫోటోలో బాగోదని మేడ మీద పెట్టావు.”

“గురువారం ఒక్కరోజే!”

“ఏం ఫోటో తల్లీ?”

“పాత ఇళ్ళ మీద ఏదో పత్రిక ఉందిట. గురువారం వస్తున్నారు. పొయ్యిలో మంట వేసి, ముందు తివాచీ పరిచి, దాని మీద పాపని కూచోబెట్టి తీస్తారట. ఉన్ని చొక్కా తొడిగి.”

“మంట ముందా?”

“చూశావా! పరాయి మనిషి, ఆయన మొహమే పాలిపోయింది.”

“మేస్త్రిగారూ, మీరు కూడా భయపెట్టకండి. పాప పుట్టినప్పట్నుంచీ ఇంతే. మెట్లంటే భయం, కిటికీలంటే భయం. ఆఖరికి ద్రాక్షపళ్ళన్నా భయమే!”

“గొంతుకి అడ్డం పడతాయి పియర్స్.”

“ఒక్కో పండునీ నాలుగు ముక్కలు కోస్తుందండీ!”

“కొయ్యనీ బాబూ. కోస్తే ఏం పోయింది?”

“ఏం పోలేదు, నా టీ చల్లారిపోయింది. అసలు సంగతి చెప్తా వినండి. ఈ ఇల్లు కొన్నదే ఈ పొయ్యిని చూసి. మాకు ముందు బ్రిస్టల్ వాళ్ళుండేవారు. వాళ్ళు గచ్చు కొట్టించి దీన్ని బయటికి తీశారు. అంతకుముందు ఎవడో మహానుభావుడు దీన్ని మూసేసి గోడ చేశాడు! ఇంత అందాన్ని! ఎంత అజ్ఞానం ఉండాలి మనిషికి?”

“అజ్ఞానమే అయ్యుంటుంది బాబూ.”

“రుచి లేని మనుషులు.”

“రుచి చూసుకునే తీరిక లేకపోయుంటుంది.”

“నేను ఊరికే అనడం లేదు. ఇంటి కాగితాలన్నీ చదివాను. ఎవరు కొన్నారు, ఎవరు అమ్మారు, ఎవరు దూలం మార్పించారు, అన్నీ నోటికొచ్చు నాకు.”

“అద్దెకున్నవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయా అందులో?”

“అద్దెవాళ్ళవి ఎవరు రాస్తారండీ?”

“అదీ నిజమే.”

“పైగా పాత ఇళ్ళ ఆఫీసు అనుమతి లేకుండా దీని నోరు మూయడానికి లేదు టామ్‌సిన్. అర్జీ పెట్టాలి, వాళ్ళొచ్చి చూడాలి, నెలలు పడుతుంది. మనం చట్టాన్ని గౌరవించే మనుషులం.”

“మరి బిషప్పు నిట్టూర్పుకి అనుమతి అక్కర్లేదా?”

“రంగు సంగతి నేను అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.”

“అదీ గౌరవమంటే! డెన్‌జిల్ గారూ, ఆయన మాటలకేం గానీ, ఒక్కసారి దగ్గరికొచ్చి చూడండి. మూయడానికి వీలవుతుందా లేదా, అంతే చెప్పండి. గురువారం లోపు తేలకపోతే నేను పాపని తీసుకుని మా అమ్మ దగ్గరికి ప్లిమత్ పోతాను. ఉత్తినే అనడం లేదు. సంచి కూడా సర్దుకున్నాను.”

“సంచి సర్దావా? టామ్‌సిన్! ఎప్పుడు?”

“నువ్వు గంజి పూసి చూస్తున్నప్పుడు.”

“మేస్త్రిగారూ, కాస్త చూడండి మీరు. ప్లీజ్.”

“చూస్తాను బాబూ. ఇదిగో.”

“ఇదిగో అంటే? మళ్ళీ అక్టోబరా?”

“కాదు... వస్తున్నా. తల్లీ, ముందు పాపని ఎత్తుకో. కింద వద్దు. ఆ, ఎత్తుకో. గట్టిగా పట్టుకున్నావా?”

“పట్టుకున్నానండీ.”

“ఉండండి, టార్చి తెస్తాను. లోపలంతా మసి, ఏం కనబడదు.”

“టార్చి వద్దు బాబూ. దూలానికి పైన, ఎడమచేతి పక్కన... ఒక ఇటుక లోపలికి ఉండాలి... ఆ.”

“ఏంటది? మసిగుడ్డా?”

“బూటు! టామ్‌సిన్, బూటు! పసిపిల్లల బూటు! పొగగొట్టంలో బూటు దాచేవారు తెలుసా, ఇంటికి దిష్టి తగలకుండా, పిల్లలకి కీడు రాకుండా! నేను చదివాను! పదహారొందల ఎనభై అయినా అయ్యుంటుంది!”

“తుడవకండి బాబూ.”

“మసి కింద తోలు చూడండి, ఎర్రగా ఉంది! ఆ కాలంలో చెట్ల వేళ్ళూ ఆకులూ ఉడకబెట్టి వేసేవారు ఈ రంగు. గురువారం ఫోటోలో ఇదే మధ్యలో. పొయ్యి అరుగు మీద బూటు, పక్కన మన వెన్నా! చూశావా టామ్‌సిన్, నువ్వు అనవసరంగా భయపడ్డావు. మూడొందల ఏళ్ళుగా ఈ ఇంట్లో పిల్లల్ని కాపాడుతోంది ఇది!”

“పియర్స్...”

“అద్దాల పెట్టె చేయిద్దాం. ఇల్లు దాటించకూడదుట, దాటిస్తే అరిష్టం. మేస్త్రిగారూ, మళ్ళీ చెయ్యి పెట్టండి, రెండోది కూడా ఉంటుంది. జత దొరికితే పత్రిక అట్ట మీదే వేస్తారు!”

“రెండోది ఉండదు బాబూ.”

“ఎందుకుండదు? వెతకందే...”

“పియర్స్, నోరు ముయ్యి. డెన్‌జిల్ గారూ, టోపీ ఎందుకు తీసేశారు?”

“అలవాటు తల్లీ.”

“చీకట్లో నేరుగా అక్కడికే పోయింది మీ చెయ్యి.”

“మేస్త్రివాణ్ణి. గోడలు తెలుస్తాయి.”

“డెన్‌జిల్ గారూ.”

“...మా అమ్మ నన్ను భుజం మీద ఎక్కించుకుని, నా చేత్తోనే పెట్టించింది. నాకప్పుడు ఆరేళ్ళు.”

“ఈ ఇంట్లోనా? మీరు ఈ ఇంట్లో ఉండేవాళ్ళా?”

“అద్దెకి. ఇది మా చెల్లిది. కొంచెం వదులుగా ఉండేది, నడుస్తుంటే ఊడిపోయేది. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూస్తూ ఉండమంది. చూస్తూనే ఉన్నాను... గోళీలు కూడా చూసుకుంటున్నాను. ఇది అరుగు ఇవతల ఊడిపోయింది బాబూ. రెండోది దాని కాలికే ఉండిపోయింది. చర్చి వెనకాల సమాధిలో ఉంది. ఆ సాయంత్రమే మా నాన్న ఇటుకలు మోసుకొచ్చి ఈ నోరు మూసేశాడు. గచ్చు ఆయన వేసిందే. అంత బాగా రాలేదు. ఏడుస్తూ వేశాడు.”

“అక్టోబర్‌లో మరి... మీరు...”

“రెండుసార్లు వచ్చాను తల్లీ గుమ్మం దాకా. కిటికీలోంచి మంట కనబడింది. వెనక్కి పోయాను.”

“పియర్స్. ఏదో ఒకటి అను.”

“...మేస్త్రిగారూ, మూయడానికి ఎన్నాళ్ళు పడుతుంది?”

“ఇవాళ మొదలెడితే బుధవారానికైపోతుంది బాబూ.”

“ఆ బూటు... దాన్ని ఎక్కడిది అక్కడే పెట్టెయ్యండి. మీ చేత్తోనే. పత్రికవాళ్ళకి నేను చెప్పుకుంటాను.”

“మరి పాత ఇళ్ళ ఆఫీసు, పియర్స్? అర్జీ పెట్టాలి అన్నావు?”

“పెడతాను టామ్‌సిన్. నేనే రాసి పెడతాను.”

“ఎప్పుడు?”

“ఇదిగో.”