స్టాప్‌వాచ్‌కు అందని సన్నివేశం

ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా సీనియర్ పరీక్షకురాలు ఈ సినిమా ధ్రువీకరణ కార్యాలయంలో చేరినది ముప్పై ఒక్క సంవత్సరాల క్రితం, జూలై నాలుగో తేదీ, సోమవారం. ఆ మధ్యాహ్నం క్యాంటీనులో మిగిలినవి రెండు ఉడికించిన గుడ్లు, కాస్త రొట్టె. ఆమె, నేను చెరిసగం తిన్నాము. ఉదయం చూసిన చిత్రంలో ఒక హత్య తొమ్మిది సెకన్లు సాగిందని గుడ్డు వలుస్తూ చెప్పారు.

ఈ సభకు వచ్చిన, మా పని తెలియని కుటుంబసభ్యుల కోసం ఒక మాట. విడుదలకు ముందు ప్రతి చిత్రాన్నీ చూసి, అది ఎవరు చూడదగినదో మేము నిర్ణయిస్తాము. నగ్నత ఎన్ని సెకన్లు, రక్తపాతం ఎన్ని సెకన్లు అని రాయడానికి ఒక ఫారం ఉంటుంది. ఆమె చేతిలో ఎప్పుడూ గడియారం ఉండడంతో 'స్టాప్‌వాచ్ అక్కయ్య' అన్న పేరు స్థిరపడింది. ఒక వార్షికోత్సవంలో అధ్యక్షులవారి ప్రసంగం ముగియగానే, "ఇరవై రెండు నిమిషాలు సార్. పద్నాలుగు కోసేసినా కథ దెబ్బతినదు" అన్నారు. అందరికంటే ముందు నవ్వినది అధ్యక్షులవారే.

చేరిన తొమ్మిదో ఏట ఆమె మా పరీక్షక సంఘానికి తొలి సంతకందారు, అంటే ప్రతి నిర్ణయం కింద అందరికంటే ముందు సంతకం పెట్టేవారు, అయ్యారు. నా భార్య మరణించిన సంవత్సరంలో ఆసుపత్రి దృశ్యాలున్న చిత్రమేదీ నా వంతుకు రాలేదు. అది యాదృచ్ఛికమనుకున్నాను. ఏడాది తరువాత డ్యూటీ రిజిస్టరు తిరగేస్తే, ఆ వంతులన్నీ ఆమె చేతిరాతతో ఆమె పేరుకు మారి ఉన్నాయి.

పద్నాలుగేళ్ల క్రితం ఒక యుద్ధకాలపు చిత్రం మా ముందుకు వచ్చింది. అందులో రెండు సన్నివేశాలపై చర్చ జరిగింది. మొదటిది, యుద్ధానికి వెళ్లబోయే సైనికుడు తన భార్యతో గడిపిన చివరి రాత్రి. అందులో ఆమె వీపు పదకొండు సెకన్లు కనిపిస్తుంది. రెండవది, శత్రు సైనికులు అదే ఇంట్లోకి జొరబడి ఆమెపై చేసిన అత్యాచారం. అందులో శరీరం కనిపించదు గనుక ఫారంలో సున్నా పడింది. మొదటిదాన్ని కోయమన్నాము. రెండవదాన్ని యుద్ధ వాస్తవమని పెద్దలకు మాత్రమే అనుమతించాము. తొలి సంతకం అక్కయ్యదే.

ఆ కథ నిజానికి ఆ చిత్రానికి దుస్తులు కుట్టిన దర్జీ ఆవిడది. కొలతలు తీస్తూ తన గతాన్ని దర్శకుడికి చెప్పి, తీయడానికి ఒప్పుకున్నారు. ఆ గతం ఆవిడ వీధికీ తెలుసు. చిత్రబృందానికి వేసిన ప్రదర్శనకు, తుది ప్రతిని సరిచూడటానికి మేమిద్దరం వెళ్లాము. అత్యాచార దృశ్యం రాగానే ముందు వరుసలో ఎవరో ఈల వేశారు. వెంటనే మరొకటి వినబడింది.

దర్జీ ఆవిడ లేచి వరండాలోకి వెళ్లారు. వెనకాలే మేమూ వెళ్లాము.

"ఈల వేశారమ్మా."

"విన్నాను," అన్నారు అక్కయ్య.

"శుక్రవారం నుంచి ఈ బొమ్మ మా వీధి చివర హాల్లో ఆడుతుంది. రోజూ పాలకి నేను ఆ దారినే పోవాలి."

దర్శకుడు పరుగున వచ్చాడు. "అదేంటి పిన్నీ, నువ్వు సరేనంటేనే కదా తీశాను! ఒళ్లు ఎక్కడా కనపడలేదే!"

"కనపడలేదు నాయనా. ఎక్కడ వెతుక్కోవాలో నువ్వే చూపించావు. నా బతుకు చెప్పమన్నాను గానీ, నన్ను మళ్లీ వాళ్ల చేతికిమ్మన్నానా?"



అదే రోజు అక్కయ్య ఆ సన్నివేశాన్ని గడియారం లేకుండా మూడుసార్లు చూశారు. కెమెరా పాదాల నుంచి తీరిగ్గా పైకి పాకుతోంది. వెనుక మెత్తని వయొలిన్. తరువాత ఆమె ఇలా రాశారు: "ఎంత కనిపించిందో కొలిచాను. ఎవరి కళ్లతో కనిపించిందో గమనించలేదు. తప్పు నాది. నా సంతకం ఉపసంహరించుకుంటున్నాను."

మా కార్యాలయంలో అంతకుముందు ఎవరూ సంతకం వెనక్కి తీసుకోలేదు. అధ్యక్షులవారు మండిపడ్డారు. "పెట్టిన సంతకాన్ని మీరే మింగుతారామ్మా?"

"ఆవిడ మింగుతున్నదాని ముందు ఇదేపాటి చేదు సార్?"

విడుదల రెండు వారాలు ఆగింది. మేము కోయమన్న భార్యాభర్తల రాత్రిని ఈసారి యథాతథంగా ఉంచాము. దర్శకుడు తాను పక్కన పడేసిన ఒక షాటును తెచ్చి అత్యాచార దృశ్యం స్థానంలో అతికించాడు. అందులో, ఆమె కేకలు విన్న ఎదురింటి మనిషి కిటికీ దగ్గరికి వచ్చి, చూసి, దీపం ఆర్పేస్తాడు. అంతే. హాల్లో ఎవరూ ఈల వేయలేదు.

ఇది శుభాంతమని రాయలేను. పాత ప్రతిలోని ఆ ముక్క దొంగచాటుగా బయటికి పొక్కింది. దర్జీ ఆవిడ దగ్గరికి వచ్చే బట్టలు సగానికి తగ్గాయి. అక్కయ్య పదోన్నతి ఐదేళ్లు ఆగింది. ఆ విషయం ఆమె నోట మేమెన్నడూ వినలేదు. ఆ ఏడాది నుంచి తమ ఇంటిల్లిపాది బట్టలూ ఆ దర్జీ ఆవిడ దగ్గరే కుట్టించారు. మా ఫారంలో 'ఈ దృశ్యం ఎవరి పక్షాన ఉంది?' అన్న గడిని పోరాడి చేర్పించారు. కొత్తగా చేరినవారు నేటికీ అక్కడ కలం ఆపుతారు.

మేము చూడలేక తల తిప్పుకున్నవన్నీ మూడు దశాబ్దాలు మా తరఫున చూసిన ఆ కళ్లకు ఇక మనవల అల్లరి తప్ప మరేదీ పరీక్షించే పని పడకూడదని, ఆమె సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు జీవించాలని సహోద్యోగులందరి పక్షాన ఆకాంక్షిస్తున్నాను.

నిన్న సాయంత్రం ఈ సభకు కుట్టించుకున్న రవికె తెచ్చుకోవడానికి ఆమె దర్జీ ఆవిడ ఇంటికి వెళుతుంటే నేనూ తోడు వెళ్లాను. "ఇక ఆఫీసు లేదుగా, మరి బట్టలెందుకమ్మా?" అన్నారు దర్జీ ఆవిడ. "ఊరికే కూర్చోడానికి వస్తాలే," అన్నారు అక్కయ్య. మేము మెట్లు దిగేదాకా ఆగి, వీధి చివరి హాలు వైపు ఒక్క చూపు చూసి, ఆవిడ లోపలి నుంచి చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నారు.