అరకు సంతబయల్లో మా ఎక్స్‌ట్రా

"తాతా, నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు అరకు ఎల్లి ఫుట్‌బాల్ మేచ్ ఆడినావంట, నిజవేనా? నాన్న సెప్పినాడు."

మీ నాన్నకేటి తెల్సు? అప్పటికి ఆడు పుట్టనే నేదు, మీ నానమ్మ మా ఇంటికి రానేదు. ఆడినాను అంటే... దిగినాను. ఆడినానో నేదో నువ్వే సెప్పు, ఇన్నాక. ఇటు జరిగి కూకో, ఎడం సెవి ఇనపడదు నాకు.

ఇప్పుడంటే మీరు రైలెక్కి సొరంగాలు లెక్కెట్టుకుంటా ఎలిపోతన్నారు. అప్పుడు రైలేటి, బస్సేటి? కొండ కింద కోట ఊరి దాకా ఎడ్లబండి, అక్కణ్ణుంచి కాలినడక. మన్యంలో పితూరీ, అదే దొరల మీద తిరుగుబాటు, సల్లారి రెండేళ్ళో, మూడేళ్ళో అయింది. వలిసె పూలు పూసీ రోజులు, అది బాగా గుర్తు, కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టుండీది. అరకులో ఉండీ ఫారెస్టు దొరకి బంతాటంటే పిచ్చి. గార్డుల్నీ పోలీసుల్నీ పోగేసి జట్టు కట్టినాడు. మా కాలేజీకి కబురెట్టినాడు, రండి ఆడదాం అని.

మా జట్టు గురించి సెప్పాల నీకు. కెప్టెను రాజుబాబు. జమీందారుగారి బావమరిది కొడుకు. బంతి ఆడి దగ్గరికి వొస్తే ఆడిదే, దూరం పోతే నౌకర్లది. ఎంట పరిగెత్తీవోడు కాడు, ఏలెట్టి సూపించీవోడు. గేమ్స్ సూసుకునీవోరు మా లెక్కల మేష్టారు. మహానుభావుడు, జన్మలో బంతిని కాలితో ముట్టుకోనేదు. బంతి ఏ కోణంలో పోవాలో గీతలు గీసి సెప్పీవోరు. బంతికి జామెట్రీ రాదు కదా, దాని దారిన అది పోయీది.

పదకొండుమంది కాకండా ఎక్స్‌ట్రాలు ముగ్గురం. ఇప్పట్లాగ ఆట మద్దిలో మార్చడం నేదు గుంటా. దిగినోడు దిగినట్టే. ఎక్స్‌ట్రా అంటే బట్టలు కాపలా కాయాల, బంతికి గాలి కొట్టాల, నిమ్మకాయలు కొయ్యాల. నానొకణ్ణి. రెండోవోడు కామేశం, సబ్‌రిజిస్ట్రారు గారి కొడుకు. జట్టుకి జెర్సీలు ఆళ్ళ నాన్నే కుట్టించినాడు. ఈడు బంతి తన్నబోయి మనిషిని తన్నీవోడు, తన్నినాక ఒంగి "సారీ" అనీవోడు. మూడోవోడు సుక్రా.

సుక్రాది అరకు అవతల కొండమీద ఊరు. శుక్రోరం పుట్టినాడని ఆ పేరు. ఆళ్ళయ్య ఊరికి నాయుడు, అంటే పెద్ద. పాదిరీ గారి బడిలో సదివి, కొండ దిగి మా కాలేజీకి వొచ్చినాడు. ఆడూ నానూ ఒక్క గదిలో ఉండీవోళ్ళం, నేస్తం కట్టినాం. రోజూ పొద్దున్న మైదానంలో ఇద్దరవే ఆడీవోళ్ళం. ఒట్టి కాళ్ళతోటి ఆడు తన్నితే బంతి ఎక్కడ పడమంటే అక్కడ పడీది. రెండో ఏడు కూడా ఎక్స్‌ట్రాగానే ఉన్నాడు. ఎందుకూ అంటే జోళ్ళు నేవు. ఆ రోజుల్లో ఆ జోళ్ళ ఖరీదుకి పాలిచ్చీ మేకొచ్చీది. నాకు మా మావయ్య పాత జోళ్ళు ఇచ్చినాడు. రెండు సైజులు పెద్దవి, ముందు గుడ్డలు కుక్కీవోణ్ణి.

సరే, ఎక్కినాం ఘాటీ. ఫారెస్టు బంగళాలో దిగినాం. తెల్లారేసరికి ఇద్దరు పడిపోనారు, సలిజొరం. ఒకడు లెఫ్టవుటు, ఒకడు రైటు హాఫు. దుప్పట్లు నాలుగేసి కప్పినా పళ్ళు టకటకా కొట్టుకుంతన్నాయి. ఆవేళే సంత, ఆవేళే మేచి. ఇద్దరు కావాల, ఎక్స్‌ట్రాలం ముగ్గురం ఉన్నాం. అప్పుడు ఎట్టినారమ్మా బంగళా వరండాలో మహాసభ! దివాణంలో దత్తత తగువు కూడా అంత సేపు నడవదు.

రాజుబాబు అన్నాడు, "కామేశం ఖాయం. ఆళ్ళ నాన్న జెర్సీలు కుట్టించీసి, కొడుకు ఒడ్డున కూకుంటే ఏం బాగుంతాది?"

మేష్టారు తలూపినారు. "మర్యాదస్తుడు కూడాను. దొర ముందర మర్యాద ముఖ్యం."

అంటే గోలు ఎట్టించుకున్నా మర్యాదగా ఎట్టించుకోవాలన్న మాట.

మరి రెండోవోడు? లోపల్నించి దుప్పటి కింద లెఫ్టవుటు వొణుక్కుంటా అరిసినాడు. "సు... సు... సుక్రా!" అని.

"పాపం, సంధి కొట్టీసింది, కషాయం పొయ్యండి" అన్నారు మేష్టారు. ఆ వరండా మొత్తానికి తెలివున్న మాట ఆ జొరం వొచ్చినోడిదే గుంటా!

రాజుబాబు మొకం సిట్లించినాడు. "కొండోణ్ణి కొండలోకి తెచ్చి ఆడిస్తే మనవేపు ఆడతాడా, ఆళ్ళవేపు ఆడతాడా? మొన్నే కదా పితూరీ అయింది." ఎవుడి మీద ఆడతన్నాం మనం? దొర మీద, పోలీసుల మీద. కొండోడు ఆళ్ళవేపు ఎలగ ఆడతాడ్రా బుర్ర తక్కువోడా? నాను అన్నేదులే. లోపల అనుకున్నాను. లోపల నాను సానా దైర్యవంతుణ్ణి.

మేష్టారు నావేపు తిరిగినారు. "అప్పన్నా, రోజూ వాడితో ఆడేది నువ్వు. నిజం చెప్పు. నువ్వా, వాడా?"

అడిగినారమ్మా. నన్నే అడిగినారు. సుక్రా మెట్ల మీద అటు తిరిగి కూకోని బంతికి తోలుతాడు బిగిస్తన్నాడు. నాలుగడుగుల దూరం. "ఆడేనండి" అనాల కదా? అందరికీ తెల్సిన మాటే, ఒక్క మాట. నానేటన్నాను? "ఆడు బాగానే ఆడతాడండి, గానీ... జోళ్ళు నేకండా దిగితే దొరగారికి బాగోదేమోనండి" అన్నాను. ఎంత ఒద్దికగా అన్నాననుకున్నావు! "భేష్" అన్నారు మేష్టారు. అయిపోనాది ఎంపిక.

సంతబయల్లో రాళ్ళేరి, వెదురుబొంగులు పాతి గోలు కట్టినారు. సంతకొచ్చిన జనవంతా సుట్టూ మూగినారు. అంతలో డప్పులు ఇనపడ్డాయి. సుక్రా అయ్య, అమ్మ, ఊరు ఊరంతా రెండు కొండలు దిగి వొచ్చినారు, మా గుంటడు కాలేజీ జట్టులో ఆడతన్నాడని. ఆ పెద్దాయన తలపాగా సుట్టుకోని, మా పదకొండుమందినీ ఒక్కొక్కణ్ణే సూసుకుంటా వొచ్చినాడు. సివరికి ఒడ్డున బట్టల మూట దగ్గర కొడుకుని సూసినాడు. డప్పులు ఆగిపోనాయి. ఎవులూ ఆపమన్నేదు. ఆయన ఎల్లి కొడుకు పక్కన నేల మీద కూకున్నాడు.

మేచి ఏటి సెప్పమంటావు? కామేశం మొదట్లోనే మా గోలు కాసీ గోలీని తన్నీసి సారీ అన్నాడు. నాను పరిగెడితే నా జోడు నాకంటే ముందు ఎలిపోనాది, సంత సంతంతా నవ్వింది. రాజుబాబు ఏలెట్టి సూపిస్తనే ఉన్నాడు. మూడు గోలులు ఎట్టినారు మాకు.

అప్పుడు బంతి జనాల్లోకి పోనాది. సుక్రా లేచి, కూకున్న సోటునుంచే ఒట్టికాలితో ఒక్క తన్ను తన్నినాడు. మా అందరి తలల మీంచి ఎల్లి, అవతల గోలీ సేతుల్లో పడింది. దొర నోరు తెరిసీసి సూసినాడు. ఆళ్ళ గార్డొకడు కాలు మడతపడి అప్పుడే కుంటుకుంటా బయటికి ఎల్లినాడు.

"ఎవరు ఈ కుర్రాడు?" అడిగినాడు దొర. వొచ్చీరాని తెలుగు.

మా జట్టువోడే అంటే, మరి ఎందుకు ఆడించనేదు అంతాడు కదా. రాజుబాబు సటుక్కున అన్నాడు, "మా సామాన్లు మోసేవాడండి."

"అలాగా! అయితే మాకు ఇవ్వండి. సరదా ఆటే కదా."

ఇంక రాజుబాబు ఏటంతాడు? సామాన్లోణ్ణి ఇవ్వనంటాడా? సుక్రా ఆళ్ళయ్య వేపు ఒక్కసారి సూసి దిగినాడు. డప్పులు మల్లీ మొదలయినాయి గుంటా, అబ్బ, ఇప్పుడు కూడా ఇనపడతన్నట్టే ఉంది, ఈ సెవిలో.

ఆణ్ణి ఆపడానికి ఎదురెల్లింది ఎవుడనుకున్నావు? నానే. బంతి కాలికి అతుక్కున్నట్టు తెస్తన్నాడు. నా దగ్గరకొచ్చి, నవ్వనేదు, కోపపడనూ నేదు. "పక్కకి తప్పుకో అప్పన్నా, దెబ్బ తగుల్తాది" అన్నాడు. తప్పుకున్నాను. గోలు. ఆ మాట కంటే నా మొకం మీద తన్నినా బాగుండీది. ఇంకోటి కూడా ఎట్టినాడు. అయిదు, సున్నా.

ఆటయినాక దొర ఆడి సెయ్యి పట్టుకుని ఊపి, ఏం పని చేస్తావని అడిగినాడు. సుక్రా ఇంగ్లీషులో, మా మేష్టారు కంటే సక్కగా సెప్పినాడు, అదిగో ఆ కాలేజీలో ఇంటరు సదువుతన్నాను, ఈ జట్టులోనే ఎక్స్‌ట్రాని అని. దొర పకపకా నవ్వి, రాజుబాబుతో "మీ ఎక్స్‌ట్రాలు చాలా గొప్ప" అన్నాడు. రాజుబాబు "థాంక్యూ" అన్నాడమ్మా! సిగ్గు నేదు.

కిందకొచ్చినాక జట్టు లిస్టులో మొదటి పేరు సుక్రాదే రాసినారు. ఆడనని మొకం మీద కొట్టినాడనుకున్నావేటి? నేదు. ఆడికి ఆటంటే ఇష్టం. ఉన్నన్నాళ్ళూ ఆడినాడు, ఒట్టికాళ్ళతోనే. కెప్టెను రాజుబాబే అనుకో. మేష్టారయితే ఆణ్ణి నానే కనిపెట్టినానని అందరికీ సెప్పుకునీవోరు. నాను మల్లీ నిమ్మకాయలు కోసినాను.

ఆగాగు, మద్దిలోది ఒకటి ఒగ్గీసినాను. మేచి అయినాక సుక్రా అయ్య నన్ను ఆళ్ళింటికి తీసుకెల్లినాడు. నన్నొక్కణ్ణే, మిగతావోళ్ళని పిలవనేదు. సోడి అంబలి, కోడికూర. తన పక్కనే కూకోబెట్టుకోని, మంచి ముక్కలన్నీ నా ఆకులోనే ఏసినాడు ఆ ముసలాయన.

మర్నాడు ఘాటీ దిగుతన్నప్పుడు ఇద్దరం ఎనకబడ్డాం. నాను ఉండబట్టలేక అన్నాను, "సుక్రా, నిన్న వరండాలో నాను..."

"ఇన్నాను కదా. మెట్ల మీదే ఉన్నాను" అన్నాడు. "మా అయ్యకి మాత్రం ఎప్పుడూ సెప్పకు. అప్పన్న నాకు నేస్తం అని సెప్పుకున్నాను" అన్నాడు.

అంతే. మిగతా ఘాటీ అంతా ఏవో సదువు కబుర్లు ఆడే సెప్పినాడు. ముసలాయన బతికున్నన్నాళ్ళూ ఎవులు కొండ దిగినా "మా అప్పన్న బాగున్నాడా" అని అడిగించీవోడు...

సర్లే. బేగి లే, మీ అమ్మ పిలుస్తంది. నిన్ను నిజం సెప్పమని ఎవులైనా అడిగిన రోజున నీ నోరు తిన్నగా తిరగాల తల్లీ, నాకు అంతకన్నా... ఎల్లు, ఎల్లి తిను.