టేపుతో కొట్టానన్న మాస్టరు

ఏమన్నావ్? పెంపుడు కొడుకు పెద్దయ్యాక ఆ దత్తత రద్దు చేసుకోవచ్చా అనా? బాగుందమ్మాయ్, లా చదివేది నువ్వు, అడిగేది బట్టలు కుట్టి బతికిన ఈ తాతనా! సరే కూర్చో, మా మాస్టరు సంగతి చెప్తాను. నాకు సూది పట్టుకోవడం నేర్పిన మనిషి. పోయి ఎన్నేళ్లయిందో! ఇప్పటికీ ఎక్కడైనా ఇస్త్రీ వాసన తగిలితే చాలు, ఆ దుకాణమే కళ్లముందుకొస్తుంది. పొడుగాటి కటింగ్ బల్ల, దాని కింద గుడ్డముక్కల గుట్ట... ఇప్పుడు మీరు కొనేవీ చొక్కాలేనా? గుండీ లాగితే చేతికొస్తుంది. ఆఁ, ఎక్కడున్నాను? మాస్టరు. ఆయనకి భార్య పోయింది, పిల్లల్లేరు. వెనక సందులో మొగుడు పోయిన ఒకావిడ, చంటిపిల్లాణ్ణి సాకలేక, దత్తత కాగితాలు రాసి మరీ ఈయన చేతిలో పెట్టి ఊరొదిలి వెళ్లిపోయింది. ఆ పిల్లాడే మా కత్తెర. అది మేం పెట్టిన పేరులే, వాడి చెయ్యి అంత చురుకు. వాడు పాతికేళ్లవాడయ్యాక ఆవిడ తిరిగొచ్చింది. ఒంట్లో బాగోదు. "ఎన్నాళ్లుంటానో తెలీదు బాబూ, కాగితం మీద కూడా నీకు అమ్మనయ్యాకే పోతాను" అంది. వాడు కరిగిపోయాడు. కన్నతల్లి కదా మరి!

వకీలు దగ్గరికి నన్నూ లాక్కెళ్లాడు. ఆయన కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, "ఊరికే రద్దవదు బాబూ. పెంచినాయన కొట్టాడనో, తిండి పెట్టలేదనో చూపించాలి. లేదంటే ఆవిడే నిన్ను మళ్లీ దత్తత తీసుకోవాలి, దానికి ఏళ్లు పడుతుంది. అదీ కాదంటే ఇంటిపేరు మార్చుకో, సులువు" అన్నాడు. ఇంటిపేరు ఎవడిక్కావాలి? కొట్టాడని చెప్పడానికి వీడికి నోరు రాదు. దిగాలుగా దుకాణానికొచ్చాం. సంగతి విని మాస్టరు మిషను కూడా ఆపలేదు. "కొట్టానని రాయించెయ్‌రా. నేనొచ్చి ఒప్పుకుంటా. పాపం, ఆవిడకి టైం లేదు" అన్నాడు. అంతే, ఎంత తేలిగ్గా అనేశాడో!

కోర్టులో జడ్జిగారు "నిజంగా కొట్టారా?" అన్నాడు. "కొట్టానండీ, రోజూ." "దేంతో?" మాస్టరు ఒళ్లంతా తడుముకున్నాడు. పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడితే కదా! మెడలో టేపుంది, తీయడం మర్చిపోయి అలాగే వచ్చేశాడు మహానుభావుడు. దాన్నే పట్టుకుని "దీంతోనండీ" అన్నాడు. కోర్టంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, దాచడమెందుకు! కత్తెర మాత్రం లేచి వెక్కుతూ, "అబద్ధమండీ! ఒక్క దెబ్బ వేసెరగడు. నాకు జ్వరమొస్తే భుజానేసుకునే మిషను తొక్కేవాడు" అన్నాడు. వాడి కేసు వాడే కొట్టేయించుకున్నాడు.

ఆవిడ గోలపెడుతుందనుకున్నాం. లేదు. మా వెంటే దుకాణానికొచ్చి, బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, మాస్టర్ని మెల్లగా అడిగింది, "వాడికి మొదటి పన్ను ఎప్పుడొచ్చిందండీ?" అని. రోజుకి నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఆ రోజు పని పక్కన పెట్టి మొదలెట్టాడు. పన్ను, నడక, బడి, వాడు మింగిన గుండీ... చెప్తూనే ఉన్నాడు. ఆవిడ "ఆ తర్వాత?" అంటుంది. ఈయన చెప్తాడు. మళ్లీ "ఆ తర్వాత?" అంటుంది...

ఆ ఫ్యాను కొంచెం తగ్గించమ్మా, గాలికి కళ్లు చెమరుస్తున్నాయి.