నీలం ఫ్యూజు

పూర్ణా మార్కెట్ వెనక సందులో జిలానీ బాషా మెకానిక్ షెడ్డు. సోమవారం మధ్యాహ్నం మూడు దాటింది. పోర్టులో క్రేన్ నడిపే సుందర్ రాజ్ తన అడ్వెంచర్ బైకుని ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చి, జిలానీ సీటు ఊడదీస్తుంటే ఎటు చూడాలో తెలియక నేల మీది గ్రీజు మరకల్ని చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరూ ఈ సందులోనే గోళీలాడి పెరిగినవాళ్లు. ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. సుందర్ సర్దిచెప్పబోయాడు.

“కాదు బావా, నీ సేతిలో తేడా ఉందని నాను అన్లేదు. బండిలో తేడా ఉందన్నాను.”

“బండిలో తేడా ఉంటే నాకు కనపడాలి కదా. కనపడలేదంటే తేడా నా సేతిలో ఉన్నట్టే. మీ రైడర్ల లీడరు వాసు కూడా అదే అన్నాడు.”

“వాసా? వాసు ఏటన్నాడు?”

“ఏటన్నాడా. నువ్వు మీ రైడర్ల గ్రూపులో రాసింది పొద్దున్న ఫోన్లో సదివి వినిపించాడు. కామా కూడా వదల్లేదు. కొత్తగా ఈ బండి కొనేవాళ్ల కోసం పాత ఓనర్లు అనుభవం రాయండి అని వాడే అడిగాడంట కదా. నువ్వేటి రాసావో సెప్పనా?”

“నాకు తెలుసులే.”

“తెలిసినా విను. ‘మూడేళ్లు, ముప్పై ఒక్క వేల కిలోమీటర్లు. నడపడంలో ఆనందానికి పదికి తొమ్మిది. నమ్మకానికి పదికి రెండు. ఆదివారం వచ్చిందంటే స్టార్ట్ అవదు. మా మెకానిక్‌కి రెండుసార్లు చూపించాను, జబ్బేంటో పట్టుకోలేకపోయాడు.’ ఇదే కదా?”

“పేరు రాయలేదు కదా బావా.”

“పేరెందుకు? మీ పదిహేడు మందికీ మెకానిక్కుని నానొక్కడినే.”

“...టీ తెప్పించనా?”

“రెండుసార్లు తాగాం. ఆ టార్చి లైటు ఇలా పట్టు.”

“వాసు ఇంకేటీ అన్లేదు కదా?”

“మర్యాదగానే అన్నాడు, పాపం. ‘భాయ్, మీకు వయసు అయిపోతంది, కళ్లు కూడా మునపట్లా లేవేమో. మంచుకొండల టూరులో, స్పితిలో ఆ ఎత్తు మీద బండి ఆగిపోతే ఎవరి ముఖం సూడాలి’ అన్నాడు. మీ బండ్ల ఎనక వచ్చే జీపులో మెకానిక్కుగా నాకు పెట్టిన సీటు ఇంకొకడికి ఇచ్చేస్తాడంట. ఐదింటికి టూరుకొచ్చేవాళ్ల పేర్లు రాసి పంపేస్తాడు. ఆ ట్రాలీ పంపింది కూడా వాడే. ‘సుందరన్న బండి వస్తంది, ఆఖరిసారి సూడండి’ అన్నాడు.”

“ఐదింటికేనా? ఇవాళేనా?”

“ఇవాళే. నలబై ఏళ్ల నుంచి కొండలెక్కే బండ్లు తయారు సేసి పంపతన్నాను బావా. నాను సూసిన పెద్ద కొండేటో తెలుసా? అరకు. అదీ రైలు కిటికీలోంచి. మంచు మీద ఒక్కసారి నిలబడి వస్తానని నీ సెల్లెలు గుల్జార్‌కి సెప్పాను. అది నెల్రోజుల నుంచి ఉన్ని టోపీ అల్లతంది. ఈ ఎండలో, సెమటలు కక్కుకుంటా. ఇప్పుడెల్లి ఆపీమని సెప్పాలి.”

“ఆపొద్దు. నాను మాటాడతాను వాసుతో.”

“ఏటని?”

“మంచి మెకానిక్కువని.”

“మంచి మెకానిక్కయితే నీ బండి జబ్బు ఎందుకు పట్టుకోలేదంటే?”

“...ఏదో ఒకటి సెప్తాన్లే.”

“ఏదో ఒకటి వద్దు. రోగం సంగతి నాను అడగతాను, నువ్వు సెప్పు. ఆదివారమే ఎందుకాగతంది?”

“పొద్దున్న ఐదింటికి కదా బయల్దేరతాం. సల్లగా ఉంటది. ఇంజను...”

“సోమవారం ఐదింటికి పోర్టులో ఫస్టు షిఫ్టుకి అదే బండి మీద కదా ఎల్తావు. సోమవారం సల్లగుండదేటి?”

“ఉంటది గాని...”

“మొన్న శనివారం సేపలకి భీమిలి ఎల్లావు. అంతకుముందు రుషికొండ. ఎక్కడైనా దగ్గిందా?”

“అది వేరు బావా. అది తిన్నని రోడ్డు.”

“ఏటన్నావు?”

“ఏటీ లేదు.”

“తిన్నని రోడ్డన్నావు. అంటే ఇంటి గేటు కాడే నీ బండికి తెలిసిపోతందేటి, ఇవాళ ఎల్లేది బీచి రోడ్డుకా, ఘాటు మలుపులకా అని? మలుపులయితే అక్కడే మొండికేస్తదా? నా సర్వీసులో ఇంత తెలివైన బండిని సూళ్లేదు సుమీ.”

“ఎగతాళి సెయ్యకు.”

“సెయ్యట్లేదు. లైటు దించీ. ఇటు సూసి సెప్పు.”

“...బావా.”

“ఊఁ.”

“జూలైలో మా గ్రూపు అనంతగిరి ఘాటుకి ఎల్లింది గుర్తుందా? వాన.”

“గుర్తుంది. కాఫీ తాగతా వెనక పడిపోయానని సెప్పావు అందరికీ.”

“కాఫీ కాదు. పడిపోనాను. కిందకి దిగతా ఉంటే ఒక మలుపులో మట్టి కొట్టుకొచ్చి ఉంది. కంగారులో ముందు బ్రేకు పట్టీసాను. మనోళ్లంతా ముందరికి ఎల్లిపోయారు, ఎవడూ సూళ్లేదు. బండి కాలు మీద ఉంది. రెండొందల కిలోల పైన బరువు. లేపుదామంటే అంగుళం కదల్లేదు. కింద లోయ కనపడతంది.”

“మరి ఎవరు లేపారు?”

“పనసకాయల బుట్టలెత్తుకుని ఇద్దరు ఆడోళ్లు వస్తన్నారు. బుట్టలు దించి ఆళ్లే లేపారు. ఒకావిడ నన్ను సెయ్యి పట్టుకుని గట్టు మీద కూసోబెట్టింది, పసిపిల్లాణ్ని కూసోబెట్టినట్టు. ‘బయపడకు బాబూ, అయిపోనాది’ అంటంది. నాకు యాభై నాలుగేళ్లు బావా. పళ్లు టకటకా కొట్టుకుంటన్నాయి. ప్యాంటు తడిసిపోయింది.”

“వాన కదా.”

“వానకి కాదు.”

“ఆవిడ సూసిందేటి?”

“ఆవిడకీ తెలిసిపోయింది. అటు తిరిగి నిలబడింది, పాపం. నాను మొకం దాసుకోడానికి ఎల్మెట్టు పెట్టుకుని కూసున్నాను, అరగంట.”

“పోర్టులో అంత ఎత్తున క్రేన్లో కూసుని కంటైనర్లు ఊపుతావు. నీకు బయవేటి?”

“క్రేను పట్టాల మీద ఉంటది. వంగదు. బండిని మలుపులో వంచాలి కదా. అప్పట్నుంచి వంచబోతే సాలు, ఒళ్లంతా బిగుసుకుపోతంది. ఆనందం అని తొమ్మిది రాసాను, అది పాత మాట. ఇప్పుడు శనివారం రాత్రి అన్నం సయించదు.”

“సరే. మరి ఆదివారం పొద్దున్న ఏటి సేస్తన్నావు?”

“నీకు తెలిసిపోయిందా?”

“అడగతన్నాను.”

“...ఫ్యూజు. పెట్రోలు పంపుది. నీలం ఫ్యూజు. ఎక్కడుంటదో నువ్వే సూపించావు కొత్తలో. ఆళ్లు ఐదింటికి గేటు కాడికి వస్తారు. ఆ ముందే పట్టకారుతో తీసీసి, బైబిలు కవరు జిప్పు అరలో పడేస్తాను. సెల్ఫు కొడతాను, తిరుగుతంది గాని అందుకోదు. ఆళ్లు అయ్యో అంటారు, నన్ను ఓదారుస్తారు, ఎల్లిపోతారు. నాను నీళ్లు పోసుకుని మా ఇంటిది ప్రేమలీలతో సర్చికి పోతాను. వచ్చాక మళ్లీ పెట్టీస్తాను. నీ దగ్గరికి తెచ్చినప్పుడల్లా అంతా బానే ఉండేది అందుకే.”

“ఎన్ని ఆదివారాలు?”

“నాలుగు. నిన్నటితో అయిదు.”

“దేవుడి పుస్తకం కవర్లోనే దొరికిందేటి నీకు సోటు?”

“దాని జోలికి ఎవరూ రారని. నిన్న సర్చి నుంచి వచ్చి సూస్తే అరలో లేదు. ఇల్లంతా ఎతికాను. ఎక్కడో పడిపోయింది. ఇవాళ కొత్తది కొని గుట్టుగా పెట్టీద్దావనుకునేలోపు వాసు ట్రాలీ పంపీసాడు. నాను వద్దంటే అనుమానం వస్తదని ఎక్కించీసాను. ఇప్పుడు సెప్పు బావా. తిట్టు.”

“తిట్టడానికేటుంది. సీటు తీసిన నిమిషానికే సూసాను, ఆ గడి ఖాళీగా ఉంది. ఫ్యూజు కాలిపోద్ది, వదులైపోద్ది. కాళ్లొచ్చి నడిసి ఎల్లిపోదు కదా.”

“సూసావా? మరి వాసుకి ఫోన్ సేసి సెప్పలేదేటి? నీ సీటు నీకొచ్చీది కదా!”

“నా నోటితో సెప్తే అది సాడీ అవుద్ది. నీ నోటితో సెప్తే నిజం.”

“నాను సెప్పకపోతే ఊరుకుండిపోయీవాడివా?”

“ఏమో. టోపీ అల్లడం ఆపీమని గుల్జార్‌కి ఎలా సెప్పాలా అని ఆలోసిస్తన్నాను ఇందాకట్నుంచి. టైమెంతయింది?”

“నాలుగూ పది.”

“నాను అసర్ నమాజుకి ఎల్లి వస్తాను.”

“ఎల్లకు. నువ్వు ఎదురుగా ఉండు. నువ్వు లేకపోతే నాను మళ్లీ ఏదో ఒకటి కల్పించీస్తాను. నాకు ఆ విద్య బాగా అబ్బింది.”

“సరే కూసున్నాను. మసీదు ఎక్కడికీ పోదులే, కాస్త ఆలస్యంగా సదువుకుంటాను.”

“గ్రూపులోనే పెట్టాలా? వాసు ఒక్కడికి సెప్తే సాలదా?”

“రాసింది ఎక్కడ?”

“గ్రూపులో.”

“మరి?”

“టైపు సేస్తే మళ్లీ సెరిపీస్తాను బావా. వాయిస్ మెసేజీ పెడతాను... ‘హలో, అందరికీ నమస్కారం. నా బండి గురించి నాను రాసిన దాంట్లో సిన్న పొరపాటు...’”

“సిన్న?”

“...సరే. తీసీసాను. ‘నమస్కారం. మా బండిలో ఒక ఎలక్ట్రికల్ ఇబ్బంది వల్ల...’”

“ఇబ్బంది బండికా, నీకా?”

“నువ్వు అలా నా మొకంలోకి సూడకు, నాకు మాట రాట్లేదు.”

“అటు తిరిగి నిలబడనా? ఆ పనసకాయలావిడ నిలబడినట్టు?”

“...నిలబడు.”

“నిలబడ్డాను. కానీ.”

“‘వాసూ, అందరూ వినండి. నాను సుందర్‌ని. నా బండి మూడేళ్లలో ఒక్కరోజు కూడా ఆగలేదు. నానే ఆపాను. ఆదివారాలు ఫ్యూజు తీసీసి మీకు నాటకం ఆడాను. జూలైలో ఘాటులో పడిపోయి బాగా జడుసుకున్నాను, ఆ సంగతి మీకు సెప్పుకోలేకపోయాను. సిగ్గేసింది. ఇప్పుడూ సిగ్గేస్తంది. నాను రాసింది తిరగేసి సదువుకోండి. బండి నమ్మకానికి పదికి తొమ్మిది, నా ఆనందానికి రెండు. జిలానీ బావ సేతిలో ఏ తేడా లేదు. లేని జబ్బు ఎవడు పట్టుకుంటాడు? ఆయన్ని తీసుకెళ్లకపోతే నష్టం మీకే. నా పేరు గ్రూపులోంచి తీసీమన్నా తీసీండి. అంతే.’ ...బావా, పంపీసాను.”

“ఇటు తిరగనా?”

“ఉండు. మొకం తుడుసుకోనీ.”

“తుడుసుకో. ఆ గుడ్డ కాదు, అది గ్రీజుది. ఇదిగో ఈ తువ్వాలు.”

“వింటన్నారు బావా. నలుగురు. ఏడుగురు. వాసు ఏదో రాస్తన్నాడు.”

“రాయనీ.”

“ఆపీసాడు. మళ్లీ రాస్తన్నాడు. ...వచ్చింది.”

“సదువు.”

“‘భాయ్ పేరే పంపుతున్నాను. భాయ్‌కి క్షమాపణ చెప్పానని చెప్పు. నీతో తర్వాత మాట్లాడతాను.’ తర్వాతంటే ఏటి బావా?”

“తిడదామనేమో.”

“తిట్టనీ. నీ సీటు నీకొచ్చింది కదా.”

“వచ్చింది. గుల్జార్‌ని ఇంకో జత సేతి తొడుగులు కూడా అల్లమంటాను.”

“బావా, నా మీద కోపం పోయిందా?”

“సగం. మిగతాది మంచు సూసొచ్చాక సెప్తాను.”

“సరే. ఇంక ఒక ఫ్యూజు పెట్టీ, ఎల్తాను. కొత్తది ఉందా నీ దగ్గర?”

“కొత్తదెందుకు? ఇదిగో, పట్టు.”

“నీలందే... ఈ గీత ఏటి? ఇది నా పట్టకారు గీత. బావా, ఇది నాదే! నీకెక్కడ దొరికింది?”

“నిన్న మధ్యాన్నం తెచ్చి ఇచ్చారు.”

“ఎవరు?”

“మీ సర్చిలో కానుకల సంచి విప్పేది ఎవరు?”

“స్త్రీల సమాజం వాళ్లు. ప్రేమలీల కూడా... అయ్యో. సంచి వచ్చినప్పుడు జిప్పు అరలోంచి సిల్లర తీసి వేసాను.”

“సిల్లరతో పాటు ఇదీ వేసీసావు. పక్కనున్న కేథరిన్ గారు ఇదేటి పిన్ని గారూ అంటే, ప్రేమలీల సెల్లెమ్మ గబుక్కున తీసి కొంగుకి ముడేసుకుందంట. తిన్నగా ఇక్కడికి వచ్చింది.”

“నిన్నే తెలిసిపోయిందా దానికి.”

“నిన్న కాదు. నువ్వు పడిపోయిన సంగతి జూలైలోనే తెలుసంట. సర్చి మెట్ల మీద జారిపడ్డానని సెప్పావంట కదా ఇంట్లో. ‘ఆ మెట్లకి పాలరాయి అన్నయ్యా, ఈయన మోకాల్లోంచి నాను ఏరింది కంకర’ అంది.”

“మరి ఇన్నాళ్లూ ఒక్క మాట అడగలేదేటి బావా?”

“నానూ అదే అడిగాను. ‘ఆయన అబద్ధమాడితే వినగలను గాని, సిగ్గుపడతా ఉంటే సూళ్లేను అన్నయ్యా. ఆయనంతట ఆయన సెప్పినరోజు ఇది ఇవ్వండి’ అంది. ఇంకో పని కూడా సెప్పి ఎల్లింది.”

“ఏం పని?”

“బండి ఎనక సీటుకి పట్టుకునే కమ్మీ ఒకటి బిగించమంది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మీరిద్దరూ అనంతగిరి ఎల్తన్నారంట.”